ఊరు చెప్పే పేర్లు, ఏడాది చెప్పే పేర్లు

అప్పలనాయుడు అన్న పేరు చెవిన పడగానే విశాఖపట్నం, విజయనగరం వైపు మనిషని తెలుగువారు పోల్చుకుంటారు. యాదయ్య అంటే నల్గొండ, కొమురయ్య అంటే జనగామ, పెంచలయ్య అంటే నెల్లూరు, ఓబులేసు అంటే కడప, కర్నూలు. రెండు మూడు తరాల కిందటి దాకా తెలుగునాట పేరు సగం చిరునామా. ఇప్పుడు ఏ బడి హాజరుపట్టీ తెరిచినా హాసిని, ఆద్య, విహాన్, రుద్రాంశ్ కనిపిస్తారు. వాళ్ళది శ్రీకాకుళమో ఆదిలాబాదో పేరును బట్టి చెప్పడం కష్టం. ఏ ఏడు పుట్టారో మాత్రం ఉజ్జాయింపుగా చెప్పేయవచ్చు. ఊరు చెప్పే పేరు వెనక్కి తగ్గి ఏడాది చెప్పే పేరు ముందుకు రావడమే గత వందేళ్ళలో తెలుగు పేర్లకు జరిగిన పెద్ద మార్పు. గుడి, ఉద్యమం, నవల, సినిమా, టీవీ, ఫోను ఒకదాని తర్వాత ఒకటి ఈ మార్పులో చేయి వేశాయి.

కొండకో పేరు

పాత పేర్లకు మూలం దగ్గరలో ఉన్న దేవుడు. నరసింహస్వామి ఒక్కడే కొండకో పేరుతో ఎన్ని రకాల మనుషులయ్యాడో చూస్తే సంగతి తెలుస్తుంది. సింహాచలంలో ఆయన అప్పన్న. అందుకే ఉత్తరాంధ్రలో అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాద్రి, సింహాచలం. మంగళగిరి కొండ మీద ఆయనకు పానకం నైవేద్యం. ఆ పానకమే పానకాలు, పానకాలరావు అయింది. నెల్లూరు జిల్లా పెంచలకోనలో ఆయన వల్ల పెంచలయ్య, పెంచలమ్మ, అహోబిలంలో ఓబులేసు, ఓబులమ్మ, కర్నూలు వైపు మద్దిలేటి, మద్దయ్య, యాదగిరిగుట్టలో యాదగిరి, యాదమ్మ. దేవుడు ఒక్కడే, కొండలు ఆరు. పేర్లు ఒకదానికొకటి పోలిక లేనట్టు వినిపిస్తాయి.

అమ్మవార్ల పేర్లదీ ఇదే వరస. విజయనగరం పైడితల్లి నుంచి పైడిరాజు, పైడమ్మ వచ్చారు. అనకాపల్లి నూకాలమ్మ నుంచి నూకరాజు, నూకాలు, తుని దగ్గరి తలుపులమ్మ లోవ నుంచి లోవరాజు, లోవలక్ష్మి వచ్చారు. అన్నవరం ఛాయలో సత్యనారాయణలు, సత్యవతులు, కోటప్పకొండ చుట్టూ కోటయ్యలు, కోటేశ్వరరావులు, బెజవాడ కొండ నీడన కనకదుర్గలు, దుర్గాప్రసాదులు.

తెలంగాణలో వేములవాడ రాజన్న పేరు మీద రాజయ్య, రాజేశం, రాజవ్వ ఉంటారు. కొమురవెల్లి మల్లన్న నుంచి కొమురయ్య, కొమురవ్వ, మల్లేశం వచ్చారు. వరంగల్ దగ్గరి ఐనవోలు మల్లన్నను జనం ఐలోని మల్లన్న అంటారు. ఐలయ్య, ఐలమ్మ అనే పేర్లు ఆ చుట్టుపక్కలే ఎక్కువ. పాలకుర్తి పొలంలో దొరతో తలపడిన చాకలి ఐలమ్మ పేరులోనూ ఆ మల్లన్నే ఉన్నాడు. మేడారం జాతర సమ్మయ్య, సమ్మక్క, సారయ్య, సారక్కలను ఇచ్చింది. కోస్తాలో రావు, బాబు, రత్నం, సీమలో అప్ప, తెలంగాణలో అవ్వ, ఏశం అనే ముగింపులు కూడా ప్రాంతాన్ని పట్టిచ్చేవే.

దర్గాలకూ ఈ లెక్కలో చోటుంది. కసుమూరు, గుంటూరు మస్తాన్‌వలీ దర్గాలకు మొక్కుకున్న హిందూ కుటుంబాల్లో మస్తానయ్య, మస్తానమ్మ పుట్టారు. దస్తగిరి, దస్తగిరమ్మ, ఊళ్ళో పీర్ల పండుగ వల్ల పీరయ్య, హుస్సేనమ్మ కూడా అలా వచ్చినవారే. పేరును బట్టి మతం తేల్చాలని చూసేవారిని ఈ పేర్లు చాలాసార్లు తికమక పెడతాయి. క్రైస్తవ కుటుంబాలు మొదట్లో బైబిల్ భావాలను తెలుగులోకి తెచ్చుకుని కృపారావు, దేవదానం, ఆశీర్వాదం, దయామణి అని పిలుచుకున్నాయి. జాన్, గ్రేస్ లాంటి ఇంగ్లీషు రూపాలు ఆ తర్వాత పెరిగాయి.

మొక్కు, భయం, తాత

దేవుడితో పాటు భయం కూడా పేర్లు పెట్టింది. పుట్టిన పిల్లలు వరుసగా దక్కని ఇంట్లో కొత్తగా పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టు మళ్ళీ ఎత్తుకునేవారు. ఆ బిడ్డ పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. దిష్టికీ మృత్యువుకూ బిడ్డ విలువ తెలియకూడదన్నది ఇందులోని ఎత్తు. పదిళ్ళలో బిచ్చమెత్తి తెచ్చిన గింజలతో మొక్కు తీర్చుకుంటే బిచ్చమయ్య, బిక్షపతి. పుట్టకు పాలు పోసి సంతానం కోరుకుంటే నాగయ్య, నాగమణి, నాగేశ్వరరావు. పసిబిడ్డల మరణాలు తగ్గుతూ వచ్చాక పెంటయ్యలు దాదాపు కనుమరుగయ్యారు. పేరులోని మొరటుదనం ఒక తరానికి రక్షరేకు. ఆ భయం ఎరగని తర్వాతి తరానికి అదే నామోషీ అయింది.

మూడో మూలం తాత. పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు, కూతురికి నానమ్మ పేరో అమ్మమ్మ పేరో పెట్టడం ఆనవాయితీ. తాత పేరున్న మనవణ్ణి ఇంట్లో పేరు పెట్టి తిట్టలేక బుజ్జి, చిన్నా, నాని, పండు అనే ముద్దుపేర్లతో పిలిచేవారు. అసలు పేర్లు ఎన్ని మారినా ఈ ముద్దుపేర్లు మాత్రం చెక్కుచెదరలేదు.

ఉద్యమాలు ఇచ్చిన పేర్లు

ఊరి దేవుణ్ణి దాటి దూరంగా ఉన్న మనిషి పేరు పిల్లలకు పెట్టడం స్వాతంత్ర్యోద్యమంతో ఊపందుకుంది. పత్రికలు, సభలు, ఊరేగింపులు మోసుకొచ్చిన పేర్లు ఇళ్ళలో స్థిరపడ్డాయి. గాంధీ, సుభాష్ చంద్రబోస్, జవహర్‌లాల్, సరోజిని, కస్తూరి తెలుగు ఇంటిపేర్ల పక్కన చేరారు. కమ్యూనిస్టు ఉద్యమం బలంగా ఉన్న కృష్ణా, గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో లెనిన్‌బాబులు, స్టాలిన్‌బాబులు పుట్టారు. ఉత్తరాదివారికి వింతగా తోచే ఈ కలయిక ఆ జిల్లాలవారికి మామూలే.

ఈ ధోరణికి కొసమెరుపు నాస్తికోద్యమ నాయకుడు గోరా ఇల్లు. దేవుణ్ణీ కులాన్నీ వద్దనుకున్న గోపరాజు రామచంద్రరావు పిల్లల పేర్లలో రెండింటికీ చోటివ్వలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి కొడుకు సమరం. తొమ్మిదో సంతానానికి హిందీలో తొమ్మిది అనే అర్థంతో నౌ అన్నారు. ఏడాది చెప్పే పేరుకు ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

ఈ దశలో మరో మార్పు నెమ్మదిగా వచ్చింది. పాత పేరు ఊరితో పాటు చాలాసార్లు కులాన్నీ చెప్పేది. ఒకే మల్లన్న పేరు పెట్టుకున్నా ఒక ఇంటివాడు మల్లికార్జునరావు, ఇంకో ఇంటివాడు మల్లయ్య, పెత్తందారు నోట వెట్టివాడు మల్లిగాడు. రమేష్, సురేష్, స్వాతి, శ్రావణి లాంటి పేర్లకు ఈ మెట్లు లేవు. బడికి వెళ్ళిన తొలి తరం తల్లిదండ్రులు పిల్లలకు కొత్త పేర్లు ఆత్రంగా పెట్టుకోవడంలో మోజు ఉంది, ఆత్మగౌరవమూ ఉంది.

నవల నుంచి వెండితెరకు

సినిమా కంటే ముందు ఈ పని పుస్తకం చేసింది. బెంగాలీ సాహిత్యం తెలుగులోకి విరివిగా వచ్చిన రోజుల్లో శరత్, రవీంద్రనాథ్ అనే పేర్లు చదువుకున్న కుటుంబాల్లో పెరిగాయి. అడివి బాపిరాజు నవల పేరు హిమబిందు తర్వాతి తరాల ఆడపిల్లలకు మామూలు పేరైపోయింది. వారపత్రికల సీరియళ్ళ కాలంలో యద్దనపూడి సులోచనారాణి నవలలు మధ్యతరగతి ఇళ్ళను ఏలాయి. ‘సెక్రటరీ’లో కథానాయకుడు రాజశేఖరం, నాయిక జయంతి. రావు, అయ్య తోకలు లేని, పలకగానే నాజూకుగా వినిపించే ఇలాంటి పేర్ల మీద ఆ సీరియళ్ళ పాఠకులకు మక్కువ పెరిగింది.

సినిమా మూడు దారుల్లో పేర్లు ఇచ్చింది. మొదటిది తార పేరు. ఎన్టీఆర్ మీది అభిమానంతో తారక రామారావులు ఊరూరా పుట్టారు. కె. చంద్రశేఖరరావు తన కొడుక్కి ఆ పేరు పెట్టింది 1976లో, తెలుగుదేశం పార్టీ పుట్టడానికి ఆరేళ్ళ ముందు. ఎన్టీఆర్ స్వయంగా పాటించిన పద్ధతి మాత్రం పాతదే. తోబుట్టువుల పేర్లు ఒకే ముగింపుతో ఉండాలన్న తెలుగు సరదాకు తగ్గట్టు కొడుకులంతా హరికృష్ణ, బాలకృష్ణ అంటూ కృష్ణలు, కూతుళ్ళంతా పురందేశ్వరి, భువనేశ్వరి అంటూ ఈశ్వరులు.

రెండోది పాత్ర పేరు. 1989లో వచ్చిన ‘గీతాంజలి’లో నాయిక పేరే గీతాంజలి. 2006 నాటి ‘బొమ్మరిల్లు’లో జెనీలియా పోషించిన పాత్ర హాసిని. నిఘంటువుల్లో ఆ మాట ముందే ఉన్నా, ఇంటింటి పేరైంది ఆ సినిమా తర్వాతే. ‘బాహుబలి’ రెండు భాగాలు 2015, 2017లలో వచ్చి దేవసేన, అవంతిక, మహేంద్ర, అమరేంద్ర అనే పేర్లను పిల్లల నోట కూడా పలికించాయి. ‘కార్తీక దీపం’ సీరియల్లోని ఇద్దరు పిల్లలు శౌర్య, హిమ కొన్నేళ్ళ పాటు ప్రతి సాయంత్రం ఇంట్లోనే తిరిగినంత దగ్గరయ్యారు. సినిమా మూడు వారాలు ఆడి వెళ్ళిపోతుంది. సీరియల్లోని పేరు మాత్రం రోజూ చెవిలో పడుతూనే ఉంటుంది.

మూడోది సినిమా, భక్తి కలిసిన దారి. షిరిడీ సాయి మీద భక్తి అంతకుముందే ఉంది, పుట్టపర్తి ప్రభావమూ ఉంది. 1986లో విజయచందర్ నటించిన ‘శ్రీ షిరిడీ సాయిబాబా మహత్యం’ ఆ భక్తిని మారుమూల పల్లెకూ చేర్చింది. ఆపైన సాయికిరణ్, సాయితేజ, సాయిప్రియ అనే పేర్లు కోస్తా, సీమ, తెలంగాణ తేడా లేకుండా వ్యాపించాయి. ఒకే కొండకు కట్టుబడని దేవుడి పేరు కాబట్టి దానికి ప్రాంతపు ముద్ర పడలేదు.

క్రికెట్ కూడా తన వంతు పని చేసింది. సచిన్ టెండూల్కర్ పేరు మీద ఎందరో సచిన్‌లు పుట్టారు. ఆ టెండూల్కర్‌కు ఆ పేరు సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్ వల్ల వచ్చింది. సునీల్ గవాస్కర్ తన కొడుక్కి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టారు. రోహన్ కన్హాయ్, హైదరాబాదీ ఆటగాడు జైసింహ, గుండప్ప విశ్వనాథ్ ముగ్గురూ ఆ ఒక్క పేరులో ఇమిడారు.

సినిమా పేరును పుట్టిస్తుందా?

పేర్ల ఫ్యాషన్ మీద బాగా పని చేసినవారిలో హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ లీబర్‌సన్ ఒకరు. 2000లో వచ్చిన ‘ఎ మ్యాటర్ ఆఫ్ టేస్ట్’లో ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఇది: సినిమాతారల వల్ల వ్యాపించాయనుకునే పేర్లలో చాలావాటికి ఆదరణ అప్పటికే పెరుగుతూ ఉంటుంది. సినిమా ఆ నిప్పుకు గాలి ఊదుతుంది. అచ్చంగా సినిమాయే పుట్టించిన పేర్లు కూడా లేకపోలేదు. 1984 నాటి హాలీవుడ్ సినిమా ‘స్ప్లాష్’లో ఒక జలకన్య న్యూయార్క్ వీధి బోర్డు చూసి తన పేరు మాడిసన్ అని చెబుతుంది. అప్పటికి అది ఆడపిల్ల పేరంటే నవ్వే మాట. 2001 నాటికి అమెరికాలో ఆడపిల్లలకు పెట్టే పేర్లలో అది రెండో స్థానానికి చేరింది.

ఈ సంగతి అంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. అక్కడి సామాజిక భద్రతా శాఖ 1880 నుంచి పుట్టినవారి పేర్ల లెక్క ఏటా అందరికీ అందుబాటులో ఉంచుతుంది. తెలుగునాట పేర్ల మార్పును తరగతి హాజరుపట్టీలు, పెళ్ళి శుభలేఖలు, ఓటర్ల జాబితాల్లో వెతుక్కోవాలి. ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా వయసు గడి పక్కన పేర్ల రంగు మారుతూ కనిపిస్తుంది. డెబ్బై దాటినవారిలో వెంకయ్య, సుబ్బమ్మ, యాభై చుట్టుపక్కల రమేష్, పద్మ, ముప్పై దగ్గర సాయికృష్ణ, స్రవంతి, ఓటు కొత్తగా వచ్చినవారిలో హర్షిత్, హాసిని.

పాత్ర నచ్చినంత మాత్రాన పేరు నచ్చదు. నండూరి సుబ్బారావు ఎంకిని తెలుగువారు నెత్తిన పెట్టుకున్నారు, కూతురికి ఎంకి అని పేరు పెట్టుకున్నవారు మాత్రం అరుదు. ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం చెప్పిన మాటలు నలుగురి నోళ్ళలో నానాయి, పేరు ఊయల దాకా రాలేదు. ‘రంగస్థలం’లో చిట్టిబాబు, ‘పుష్ప’లో పుష్పరాజ్ మట్టి వాసన కోసం దర్శకుడు వెతికి పట్టుకున్న పేర్లు. తల్లిదండ్రులు వెతికేది బిడ్డ ఎదగాలనుకునే చోటి పేరు. అందుకే సినిమా ఎంత ఊరమాసుగా ఉన్నా అందులోంచి ఊయల దాకా వచ్చేది నాజూకు పేరే. ఇందుకు కొద్దిగా ఎదురు నిలిచింది వెన్నెల. ‘విరాటపర్వం’, ‘దసరా’ రెండింట్లోనూ నాయిక పేరు అదే. అచ్చతెలుగు మాటై ఉండి కూడా మొరటుగా వినిపించని పేరు అది.

పేర్ల మీద మోజు చల్లారడం కూడా ఫ్యాషన్ పనే. తరగతిలో ముగ్గురు సాయిలు చేరి, పంతులు వాళ్ళను ఇంటిపేరుతో పిలవాల్సి వచ్చిన రోజున ఆ పేరు కొత్తదనం పోతుంది. అందరికీ తెలిసినదై ఉండాలి, ఎవరికీ ఉండకూడదు అన్న కోరిక తల్లిదండ్రులను తర్వాతి పేరు వైపు నెడుతుంది. 2011లో పుట్టిన ఐశ్వర్యారాయ్ దంపతుల కూతురికి ఆరాధ్య అని పేరు పెట్టినప్పుడు అది కొత్తగా వినిపించింది. కొన్నేళ్ళకే ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒక ఆరాధ్య తేలింది. 2023లో రామ్‌చరణ్ దంపతులు కూతురి పేరును లలితా సహస్రనామం నుంచి తీసుకుని క్లీంకార అన్నారు. ఎవరూ పెట్టని పేరు కావాలంటే పాత స్తోత్రమే తెరవాల్సి వచ్చింది.

నక్షత్రం అక్షరం, ఫోన్‌లో వెతుకులాట

సినిమా ఎంత చెప్పినా బారసాల పళ్ళెంలోని బియ్యం మీద ఉంగరంతో రాసే అక్షరాన్ని చాలా ఇళ్ళలో పంచాంగం నిర్ణయిస్తుంది. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 పాదాలకు అక్షరాలు కేటాయించి ఉంటాయి. అశ్విని నాలుగు పాదాలకు చు, చే, చో, ల. ఆర్ద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ. ఈ రెండు అక్షరాలతో మొదలయ్యే పేరు తెలుగులో లేదు. అలాంటప్పుడు పురోహితుడు రాశికి సంబంధించిన మరో అక్షరం సూచించి గండం గట్టెక్కిస్తాడు.

అక్షరం చేతికందాక వెతుకులాట ఫోన్‌లోకి మారుతుంది. ఆ అక్షరంతో రెండు మూడు అక్షరాల పేరు, ఎక్కడా విననిది, సంస్కృతంలా ఉండేది కావాలి. ఈ గిరాకీ నుంచే విత్, విక, ఆన్ష్ ముగింపులతో కుప్పలుగా పేర్లు పుట్టాయి. వాటిలో కొన్నింటికి ఏ నిఘంటువులోనూ అర్థం దొరకదు. జాబితాలో మాత్రం ప్రతిదానికీ లక్ష్మీదేవి అనో వెలుగు అనో ఒక అర్థం రాసి ఉంటుంది. ఆపైన సంఖ్యాశాస్త్రం ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరాన్ని రెండు చేస్తుంది.

అయినా పాత పొరలు పూర్తిగా పోలేదు, పేరులోనే ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. నాగ వెంకట సాయి హర్షిత్ అనే పేరునే విప్పి చూడవచ్చు. నాగ అన్నది పుట్టలో పాలు పోసిన మొక్కు. వెంకట అన్నది తాత. సాయి అన్నది అమ్మ నమ్మకం. హర్షిత్ ఒక్కటే పిలవడానికి, అది అమ్మానాన్నల అభిరుచి. గుడికీ తాతకూ మాట దక్కింది, కాలానికీ చోటు దొరికింది. కొట్లాట లేకుండా ఇంట్లో అందరినీ ఒప్పించే తెలుగు పద్ధతి ఇది.

సముద్రం దాటాక

ఈ సర్దుబాటు అమెరికా దరఖాస్తు ఫారం ముందు తడబడుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు తెలుగువారిది, చివర రాయమంటుంది ఆ ఫారం. నాలుగు ముక్కల పేరులో మొదటి ముక్కే పిలిచే పేరనుకుని హర్షిత్‌ను ఆఫీసులో నాగ అని పిలుస్తారు. ఈ అనుభవం ఉన్న తల్లిదండ్రులు అక్కడ పుట్టిన పిల్లలకు కురచ పేర్లు చూస్తారు. జ్ఞ, ళ, ఋ లేనివి, ఒత్తులు తక్కువున్నవి, అమ్మమ్మకూ అక్కడి పంతులమ్మకూ ఒకేలా నోరు తిరిగేవి కావాలి. మాయ, నీల్, ఆన్య, రోహన్ లాంటివి ఇలా ఎంపికైనవే. సెలవుల్లో వచ్చే బంధువుల పిల్లలతో, వాట్సాప్ గ్రూపులతో ఆ పేర్లు తెనాలికీ కరీంనగర్‌కూ తిరిగి వస్తున్నాయి. ఇక్కడి పేర్లను ఇప్పుడు అక్కడి నాలుక కూడా మలుస్తోంది.

ఇటు స్వదేశంలో పేరు మార్చుకునే వీలు కూడా తగ్గుతోంది. పూర్వం ఇంట్లో పేరు ఒకటి, బడిలో చేర్చుకునేటప్పుడు పంతులు రాసింది ఇంకొకటి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయవచ్చు. ఏడాదిలోపు పేరు చేర్చడానికి రుసుము లేదు, ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ళ దాకా చేర్చవచ్చు. చట్టానికి 2023లో చేసిన సవరణతో ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి జనన ధ్రువపత్రమే బడికీ పాస్‌పోర్టుకూ ఓటుకూ ఆధారమైంది. ఊయలలో తీసుకున్న నిర్ణయం ఇక జీవితాంతం వెంట ఉంటుంది. బారసాలకు ముందే నెలల తరబడి జాబితాలు తిరగేయడానికి ఇదీ ఒక కారణం.

ఇన్ని మార్పుల కింద మారనిది ఒకటుంది. తాత లింగయ్య, తండ్రి శివప్రసాద్, మనవడు రుద్రాంశ్. తాత పేరులో ఊరి గుడి, తండ్రి పేరులో బడి, మనవడి పేరులో ఫోన్ జాబితా కనిపిస్తాయి. మూడు పేర్లలోనూ ఉన్న దేవుడు మాత్రం ఒక్కడే.